మందు చేతికిచ్చే అర్హత: మన దేశంలో ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష చరిత్ర

విద్యార్థులారా! ఈసారి మందుల షాపుకి వెళ్ళినప్పుడు ఒకసారి గోడవైపు చూడండి. ఫ్రేము కట్టి తగిలించిన రెండు కాగితాలు సాధారణంగా కనిపిస్తాయి. ఒకటి మందులు అమ్మడానికి ఔషధ నియంత్రణ అధికారులు షాపుకి ఇచ్చిన లైసెన్సు. రెండోది రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. మొదటిది షాపుకి చెందింది. రెండోది ఒక మనిషికి చెందింది. ఫార్మసిస్టు లైసెన్సు అని మనం వాడుకలో అనేది ఈ రెండో కాగితాన్నే.

మందు కొనేవాడికి ఆ మందు మంచిదో కాదో తెలుసుకునే దారి లేదు. బియ్యం చేత్తో పట్టుకుని చూస్తాం, గుడ్డ నలిపి చూస్తాం. మాత్రను అలా పరీక్షించలేం. అందుకే ఇచ్చేవాడిని నమ్ముతాం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటి? ఈ మనిషికి తెలుసు అని ఎవరు తేల్చారు? ఎలా తేల్చారు? ఈ ప్రశ్నకు మన దేశం వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు చెప్పింది. మొదట అనుభవమే అర్హత అంది. తర్వాత కాలేజీ పరీక్ష అంది. ఇటీవల, కాలేజీ పరీక్ష మీద ఇంకో పరీక్ష పెట్టింది. ఈ పాఠంలో ఆ మార్పులు ఎందుకు వచ్చాయో చూద్దాం. ఆ పరీక్షకు చదవబోయేవారికి ఈ చరిత్ర ఎలా పనికొస్తుందో కూడా తెలుసుకుందాం.

సీసా, చీటీ, కాంపౌండర్

ఇవాళ మందులు ఫ్యాక్టరీలో తయారై, అట్టపెట్టెల్లో వస్తున్నాయి. 19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్దం మొదటి భాగంలోనూ పరిస్థితి ఇలా లేదు. డాక్టరు చీటీ రాస్తే, పక్కగదిలో ఉన్న కాంపౌండర్ దాన్ని చదివి, పొడులు తూచి, ద్రావణాలు కొలిచి, మిక్స్చర్ కలిపి సీసాలో పోసి ఇచ్చేవాడు. సీసాకి ఒక కాగితపు పట్టీ అంటించేవారు. దాని అంచులు మెట్లుమెట్లుగా కత్తిరించి ఉండేవి. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. అక్షరం రాని రోగికి కూడా ఎంత తాగాలో ఆ పట్టీ చూస్తే తెలిసేది. పెద్దవాళ్ళను అడిగితే ఈ సీసాలను గుర్తు చేసుకునేవారు ఇప్పటికీ ఉంటారు.

ఈ కాంపౌండర్లు ఎలా తయారయ్యారు? ఎక్కువమంది పక్కన నిలబడి పని చూస్తూ నేర్చుకున్నారు. కొన్ని ప్రాంతాల్లో ప్రభుత్వమే శిక్షణ మొదలుపెట్టింది. బెంగాల్‌లో 1881 నుంచి కాంపౌండర్లకు క్రమమైన శిక్షణ ఉంది. మద్రాసు వైద్య కళాశాలలో కూడా అదే శతాబ్దంలో కెమిస్టులకు, డ్రగ్గిస్టులకు తరగతులు నడిచాయి. అప్పటి సర్కారు, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగం కనుక మన ప్రాంతపు వైద్యశాలలకు కూడా ఆ ఏర్పాటే ఆధారం.

అయితే దేశం మొత్తానికీ వర్తించే ఒక నియమం లేదు. శిక్షణ పొందినవాడూ పొందనివాడూ ఒకే పని చేయవచ్చు. విషపదార్థాల అమ్మకం మీద, నల్లమందు మీద చట్టాలు ఉన్నాయి కానీ, మందు కలిపి ఇచ్చే మనిషికి ఉండవలసిన అర్హత గురించి చట్టం లేదు.

ఒక పొరపాటు, ఒక చట్టం

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, మనల్ని అప్పట్లో పాలించిన బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడాలి. ఎందుకంటే పరీక్ష, దాని వెంట రిజిస్టర్ అనే పద్ధతి మనకు అక్కడినుంచే వచ్చింది.

1858లో బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో మిఠాయిలు తయారుచేసే ఒకతను చక్కెర ఖర్చు తగ్గించుకోవడానికి చవక పొడి కలిపేవాడు. ఆ పొడి కోసం మందుల దుకాణానికి మనిషిని పంపాడు. దుకాణదారు జబ్బుతో మంచం మీద ఉన్నాడు. సహాయకుడు తెలియక, పక్కనే ఉన్న ఇంకో పీపాలోంచి తీసిచ్చాడు. అది ఆర్సెనిక్. ఆ బిళ్ళలు తిని సుమారు 20 మంది చనిపోయారు. దాదాపు 200 మంది జబ్బుపడ్డారు. పదేళ్ళ తర్వాత, 1868లో వచ్చిన ఫార్మసీ చట్టం, పరీక్ష ప్యాసై రిజిస్టర్లో పేరున్నవారే విషపదార్థాలు అమ్మాలని నిర్దేశించింది. ఆ చట్టానికి దారితీసిన కారణాల్లో బ్రాడ్‌ఫర్డ్ దుర్ఘటన ఒకటి.

ఇందులో ఒక విషయం గుర్తుంచుకోండి. ఆ రోజు దుకాణదారుకు పని తెలుసు. కానీ కౌంటరు దగ్గర ఉన్నది అతను కాదు. ఈ పాఠం చివరిదాకా మనకు ఈ సమస్య మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

క్వినైన్ పొట్లం

బ్రిటన్‌లో చట్టం వచ్చాక కూడా మన దేశంలో 80 ఏళ్ళపాటు అలాంటి చట్టం రాలేదు. చివరికి కదలిక తెచ్చింది మలేరియా మందు.

మలేరియాకి అప్పట్లో ఉన్న ప్రధానమైన మందు క్వినైన్. 1892 నుంచి బెంగాల్‌లో దీన్ని తపాలా కార్యాలయాల్లో చిన్న పొట్లాలుగా, ఒక పైసాకు ఒకటి చొప్పున అమ్మారు. మన్యం జ్వరం పేరు వింటేనే భయపడిన మన ఏజెన్సీ ప్రాంతాలకు కూడా క్వినైన్ విలువ బాగా తెలుసు. ఇంత అవసరమైన మందు కావడంతో కల్తీ కూడా పెరిగింది. లేబుల్ మీద ఒక బలం, లోపల మరో బలం. మోతాదు సరిగ్గా వేసుకున్నా జ్వరం తగ్గేది కాదు. రోగి తన ఖర్మ అనుకునేవాడు.

1927లో కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో సర్ హరూన్ జాఫర్ మందుల కల్తీని అదుపుచేయాలని తీర్మానం ప్రవేశపెట్టాడు. దాని ఫలితంగా 1930 ఆగస్టులో భారత ప్రభుత్వం ఔషధ విచారణ సంఘాన్ని నియమించింది. కలకత్తా ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో ఫార్మకాలజీ ఆచార్యుడైన లెఫ్టినెంట్ కర్నల్ రామనాథ్ చోప్రా దీనికి అధ్యక్షుడు. అందుకే దీన్ని చోప్రా కమిటీ అంటారు. 1931లో నివేదిక వచ్చింది.

సంఘాన్ని వేసింది మందుల నాణ్యత చూడటానికి. కానీ కమిటీ మందు దగ్గర ఆగలేదు. మందును గుర్తించగలిగిన, కల్తీని పసిగట్టగలిగిన, సరిగ్గా కలిపి ఇవ్వగలిగిన మనిషి లేకపోతే నాణ్యతా చట్టం ఒక్కటే చాలదని గ్రహించింది. అందుకే రెండు పనులు కలిపి చేయాలంది. ఒకటి, మందుల తయారీ, అమ్మకాల మీద చట్టం, పరీక్షించడానికి ప్రయోగశాలలు. రెండు, ఫార్మసీ వృత్తికి కనీస విద్య, ఆ విద్య ఉన్నవారి రిజిస్ట్రేషన్.

మొదటి సిఫారసు 1940 ఔషధ చట్టంగా, 1945 నియమాలుగా రూపం దాల్చింది. రెండోదానికి ఇంకా కొంతకాలం పట్టింది. ఎందుకంటే రిజిస్టర్ పెట్టాలంటే ముందు చదువుకున్నవారు కావాలి. ఆ చదువు దేశంలో ఎక్కడుంది?

కాశీలో మొదలైన చదువు

ఆ ప్రశ్నకు సమాధానం కాశీలో దొరికింది. మహాదేవలాల్ ష్రాఫ్ 1902లో బిహార్‌లోని దర్భంగాలో పుట్టాడు. అమెరికాలో ఉన్నత విద్య పూర్తిచేసుకుని వచ్చాడు. పండిత మదనమోహన మాలవీయ ప్రోత్సాహంతో 1932లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ బోధన ప్రారంభించాడు. 1937లో అక్కడే మూడేళ్ళ బి.ఫార్మసీ కోర్సు మొదలైంది. మన దేశంలో ఫార్మసీ డిగ్రీ చదువుకు అది ఆరంభం. ష్రాఫ్ పుట్టినరోజు మార్చి 6ను ఫార్మసీ విద్యా దినంగా జరుపుకోవడానికి కారణం ఇదే.

తెలుగునాట ఈ చదువు 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ విభాగంతో మొదలైంది. 1970లలో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం కూడా దీన్ని చేపట్టింది. డిప్లొమా చదువు పాలిటెక్నిక్‌ల ద్వారా విస్తరించింది.

1948: రిజిస్టర్ పుట్టింది

1943లో నియమించిన భోర్ కమిటీ దేశ ఆరోగ్య వ్యవస్థను మొత్తంగా పరిశీలించి, 1946లో నివేదిక ఇచ్చింది. ఫార్మసీ వృత్తికి చట్టం అవసరాన్ని అది కూడా బలపరచింది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే, 1948 మార్చి 4న, ఫార్మసీ చట్టం వచ్చింది. 1949 ఆగస్టులో భారత ఫార్మసీ కౌన్సిల్ ఏర్పడింది. 1953లో మొదటి విద్యా నిబంధనలు వచ్చాయి.

ఈ చట్టంలో మూడు అంశాలు మనకు ముఖ్యం. మొదటిది, ఏ చదువు చాలు, ఏ పరీక్ష చెల్లుతుంది అని కేంద్ర కౌన్సిల్ నిర్ణయిస్తుంది. రెండోది, ప్రతి రాష్ట్రంలో ఒక రిజిస్టర్ ఉంటుంది. మూడోది, 42వ సెక్షన్. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరెవరూ డాక్టరు చీటీ మీద మందు కలపకూడదు, ఇవ్వకూడదు అని అది చెబుతుంది. మీరితే శిక్ష.

అయితే చట్టం చేసినవారికి ఒక చిక్కు ఎదురైంది. అప్పటికే ఏళ్ళ తరబడి మందులు కలుపుతున్న కాంపౌండర్ల సంగతేమిటి? వాళ్ళందరినీ పరీక్ష రాయమంటే ఆసుపత్రులు నడవవు. వదిలేస్తే చట్టానికి అర్థం లేదు. అందుకని మొదటి రిజిస్టర్‌కు 31వ సెక్షన్ నాలుగు దారులు తెరిచింది. ఫార్మసీ డిగ్రీ గాని డిప్లొమా గాని ఉండటం ఒకటి. వేరే డిగ్రీతోపాటు మందులు కలపడంలో మూడేళ్ళ అనుభవం ఇంకొకటి. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన కాంపౌండర్ పరీక్ష ప్యాసవడం మూడోది. డాక్టరు చీటీల మీద మందులు కలపడంలో ఐదేళ్ళు తగ్గని అనుభవం నాలుగోది.

అంటే మొదటి తరానికి అనుభవమే లైసెన్సు. తర్వాతి తరాలకు చదువు, పరీక్ష. ఇది అన్యాయమా? కాదు. కొత్త నియమం పెట్టేటప్పుడు పాత పనివాడి పొట్ట కొట్టకూడదన్న ఆలోచన అది. అదే ఆలోచన 1976 సవరణలో కూడా కనిపిస్తుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల్లోనూ, బర్మా, శ్రీలంక, ఉగాండా వంటి దేశాల నుంచి తిరిగివచ్చిన భారతీయుల్లోనూ ఈ వృత్తిలో ఉండి, చట్టం షరతులు తీర్చినవారికి రిజిస్టర్‌లో చేరే అవకాశం ఇచ్చారు. బర్మా నుంచి 1960లలో అలా తిరిగివచ్చినవారిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయని మీకు తెలిసే ఉంటుంది.

ముప్ఫై ఆరేళ్ళ నిరీక్షణ

చట్టం వచ్చింది కనుక మర్నాటి నుంచి అమలైందనుకుంటే పొరపాటే. 42వ సెక్షన్ ఏ తేదీనుంచి అమలులోకి రావాలో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చారు. రిజిస్టరైన ఫార్మసిస్టులు చాలినంత మంది లేరు కనుక ఆ తేదీని చాలాచోట్ల వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి 1976 సవరణ ఒక హద్దు పెట్టింది. రాష్ట్రం తేదీ ప్రకటించకపోతే, సవరణ అమలైన నాటినుంచి ఒక గడువు ముగిశాక సెక్షన్ దానంతట అదే అమలులోకి వస్తుందని చెప్పింది. ఆ గడువు 1984లో ముగిసింది. 1948లో రాసిన మాట దేశమంతటా చెల్లుబాటు కావడానికి 36 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఈలోగా వృత్తి స్వభావమే మారింది. మందులు కలపడం తగ్గింది. ఫ్యాక్టరీ మందులు వచ్చాయి. కలిపే చెయ్యి అవసరం తగ్గింది, కానీ తెలిసిన కన్ను అవసరం పెరిగింది. బలమైన మందులు, ఒకదానితో ఒకటి పడని మందులు, పేరులో పోలికలున్న మందులు పెరిగిపోయాయి. విద్యా నిబంధనలు కూడా 1972, 1981, 1991, 2020 సంవత్సరాల్లో మారుతూ వచ్చాయి.

గోడ మీద పేరు, కౌంటర్లో మనిషి

ఇప్పుడు బ్రాడ్‌ఫర్డ్ దుకాణంలో చూసిన సమస్య దగ్గరకు తిరిగివద్దాం. మందుల షాపు పెట్టాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. ఈ నియమంతో ఒక కొత్త వ్యాపారం పుట్టింది. సర్టిఫికెట్ అద్దెకివ్వడం. గోడమీద ఒకరి పేరు, కౌంటర్లో ఇంకొకరు. పేరు ఉన్న మనిషి వేరే ఊళ్ళో వేరే ఉద్యోగం చేసుకుంటూ నెలకు కొంత డబ్బు తీసుకుంటాడు. చదువుకున్న కుర్రాడికి ఇది కష్టం లేని ఆదాయంలా కనిపిస్తుంది. షాపు యజమానికి జీతం మిగులుతుంది. నష్టపోయేది చీటీ పట్టుకుని వచ్చిన రోగి. అతనికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు.

2015లో భారత ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన ఫార్మసీ వృత్తి నిబంధనలు ఈ వృత్తికి ప్రవర్తనా నియమావళిని ఏర్పరచాయి. మందు ఇవ్వడంతో పని అయిపోదు, ఎలా వాడాలో రోగికి చెప్పడం కూడా ఫార్మసిస్టు పనేనని స్పష్టం చేశాయి. కాంపౌండర్ నుంచి సలహాదారు దాకా జరిగిన ప్రయాణాన్ని ఈ నిబంధనల్లో చూడవచ్చు.

2022: కాలేజీ పరీక్ష తర్వాత మరో పరీక్ష

అప్పటిదాకా డి.ఫార్మసీ ప్యాసైనవారు, నిర్ణీత ఆచరణ శిక్షణ కూడా పూర్తిచేసుకుని, నేరుగా రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకునేవారు. కాలేజీ పరీక్షే లైసెన్సు పరీక్ష. మన రాష్ట్రాల్లో ఆ పరీక్షను సాంకేతిక విద్యా శిక్షణ మండలి నిర్వహిస్తూ వచ్చింది.

కాలేజీలు వందల్లో ఉన్నప్పుడు ఈ ఏర్పాటు సాగింది. వేలల్లోకి పెరిగినప్పుడు అనుమానాలు మొదలయ్యాయి. ప్రయోగశాల సరిగ్గా ఉన్న కాలేజీ, పేరుకి మాత్రమే ఉన్న కాలేజీ ఒకే విలువగల సర్టిఫికెట్ ఇస్తుంటే రిజిస్టర్‌కి విలువేముంటుంది? దీనికి జవాబుగా 2022 ఫిబ్రవరిలో డి.ఫార్మసీ ఎగ్జిట్ పరీక్ష నిబంధనలను గెజిట్‌లో ప్రకటించారు. డిప్లొమా ప్యాసైనా, ఈ పరీక్ష కూడా ప్యాసైతేనే రిజిస్ట్రేషన్ అన్నది దీని సారాంశం. బహుళైచ్ఛిక ప్రశ్నలతో మూడు పేపర్లు. ప్రతి పేపర్లోనూ కనీసం 50 శాతం మార్కులు రావాలి. వైద్య విద్యలో జాతీయ పరీక్షలు నిర్వహించే బోర్డు 2024 అక్టోబరులో మొదటిసారి దీన్ని జరిపింది.

రెండు విషయాల్లో అయోమయం పడకండి. ఇది డిప్లొమా వారికి ఉద్దేశించిన పరీక్ష. ఎం.ఫార్మసీ ప్రవేశానికి బి.ఫార్మసీ వారు రాసే జీప్యాట్ వేరు. అలాగే, ఏ సంవత్సరం చేరినవారికి ఏ నిబంధన వర్తిస్తుందన్నది మీ రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లోనే కనుక్కోవాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు తెలుగు రాష్ట్రాలకూ వేర్వేరు కౌన్సిళ్ళు ఉన్నాయి.

సిలబస్‌లో మూడు పొరలు

సిలబస్ చూడగానే విద్యార్థికి విడివిడి సబ్జెక్టుల పెద్ద పట్టిక కనిపిస్తుంది. ఇంతసేపు చెప్పుకున్న చరిత్రను గుర్తుంచుకుంటే ఆ పట్టిక మూడు పొరలుగా అర్థమవుతుంది. పేపర్ల విభజన వేరు. ఇది చదువుకునే పద్ధతి కోసం చెబుతున్న విభజన.

మొదటి పొర కాంపౌండర్ బల్ల. ఫార్మాస్యూటిక్స్, ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ, ఫార్మకాగ్నసీ ఇక్కడివి. తూకం, కొలత, గుర్తింపు. ఇక్కడ లెక్క తప్పకూడదు. ఒక ఉదాహరణ చూడండి. పది కిలోల బరువున్న పాపకి పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వమన్నారు. మోతాదు 150 మిల్లీగ్రాములు. సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్నదైతే 6 మిల్లీలీటర్లు పోయాలి. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్నదైతే 3 మిల్లీలీటర్లే. బలం చూడకుండా రెండో సీసా ఇచ్చి "ఆరు మిల్లీలీటర్లు పట్టండి" అంటే పాపకి 300 మిల్లీగ్రాములు వెళ్తుంది. రెట్టింపు. పరీక్షలో ఇది ఒక మార్కు. కౌంటర్లో ఇది ఒక పాప. ఇలాంటి లెక్కలు రోజుకి పది చొప్పున చేతితో చేయండి. చూసి అర్థమైందనుకుని వదిలేయకండి.

రెండో పొర 1940, 1948 చట్టాలు. చాలామంది న్యాయశాస్త్ర భాగాన్ని చివరి వారంలో బట్టీ పడతారు. సెక్షన్ల అంకెలు కలగాపులగమవుతాయి. దానికి బదులు, ప్రతి నియమం వెనుక ఏ ప్రమాదం ఉందో వెతకండి. షెడ్యూల్ హెచ్‌1 మందుల అమ్మకాన్ని ప్రత్యేక రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఎందుకు ఉంచాలి? ఆ జాబితాలో ముఖ్యమైన యాంటీబయాటిక్స్ ఉన్నాయి. వాటిని ఇష్టం వచ్చినట్టు అమ్మితే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. షెడ్యూల్ ఎక్స్ మందుల చీటీ ప్రతిని రెండేళ్ళు ఎందుకు దాచాలి? అవి వ్యసనానికి దారితీసే మందులు. కారణం తెలిస్తే అంకె గుర్తుంటుంది.

మందు నాణ్యత చట్టం ఎందుకో చెప్పే ఘటన ఒకటుంది. 1986లో బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో గ్లిజరాల్ ఇచ్చిన రోగుల్లో 14 మంది చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉంది. దీనిపై జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపింది. రెండూ చూడ్డానికి రంగులేని, తియ్యని, చిక్కని ద్రవాలే. కంటికి తేడా తెలియదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చోప్రా కమిటీ 1931లో ప్రయోగశాలలు కావాలని ఎందుకందో 55 ఏళ్ళ తర్వాత మళ్ళీ రుజువైంది.

మూడో పొర ఇటీవలిది. ఫార్మకాలజీ, ఆసుపత్రి ఫార్మసీ, క్లినికల్ ఫార్మసీ ఇందులోవి. ఇక్కడ మందును కాక, రోగిని దృష్టిలో పెట్టుకుని చదవాలి. మెథోట్రెక్సేట్ సంగతి తీసుకోండి. కీళ్ళవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చీటీలో ఉన్నది చదవడం ఒక ఎత్తు. "ఏ వారం వేసుకుంటారమ్మా? సోమవారమా? అయితే సోమవారం ఒక్కరోజే" అని చెప్పి, ఆ రోజు పేరు పొట్లం మీద రాసివ్వడం ఇంకో ఎత్తు. మీరు నోట్సు రాసుకునేటప్పుడు ప్రతి మందు కింద ఒక వాక్యం రాయండి: ఈ మందు తీసుకెళ్ళే మనిషికి నేను తప్పక చెప్పవలసిన ఒక్క మాట ఏమిటి? ఆ అలవాటు పరీక్షకూ పనికొస్తుంది, వృత్తికీ పనికొస్తుంది.

ఇంకొక సంగతి. డిప్లొమాలో 500 గంటల ఆచరణ శిక్షణ ఉంది. అందులో 250 గంటలు నిజమైన చీటీల మీద మందులు ఇవ్వడానికే. కొందరు సంతకం పెట్టించుకుని ఆ గంటలు గడిపేస్తారు. అది రేపటి అద్దె సర్టిఫికెట్‌కి మొదటి మెట్టు. ఆ గంటల్లో చూసిన చీటీలే పరీక్షహాల్లో మీకు గుర్తొస్తాయి.

సరిహద్దులు దాటితే

మన పొరుగు దేశాలు కూడా ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నాయి. పాకిస్తాన్ 1967లో తన ఫార్మసీ చట్టం చేసుకుంది. బంగ్లాదేశ్ 1976లో ఫార్మసీ ఆర్డినెన్సు తెచ్చి, పట్టభద్రులను, డిప్లొమా వారిని, తక్కువకాలపు సర్టిఫికెట్ కోర్సు వారిని మూడు తరగతులుగా నమోదు చేస్తోంది. నేపాల్ 2000లో ఫార్మసీ కౌన్సిల్ చట్టం చేసింది. పేర్లు వేరైనా, అందరి సమస్యా ఒకటే. దేశానికి చాలినంతమంది కావాలి, వచ్చినవారికి పని తెలిసి ఉండాలి.

అమెరికాకి వెళ్ళిన తెలుగు ఫార్మసీ పట్టభద్రులు ఈ ప్రశ్నను ఇంకో రూపంలో చూశారు. అక్కడ విదేశీ పట్టభద్రులు ముందుగా తమ చదువు సమానమైనదేనని నిరూపించే పరీక్ష రాయాలి. తర్వాత అక్కడి ఆచరణ శిక్షణ, ఆపైన లైసెన్సు పరీక్ష. 2003 జనవరి 1 నుంచి ఐదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలన్న నియమం వచ్చింది. ఆ తేదీ తర్వాత మన నాలుగేళ్ళ బి.ఫార్మసీ పూర్తిచేసినవారికి ఆ తలుపు మూసుకుపోయింది. మన దేశంలో 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సు ప్రవేశపెట్టాక మళ్ళీ దారి కనిపించింది. పరీక్ష మార్కులొక్కటే కాదు, చదువు నిడివీ రూపమూ కూడా అర్హతలో భాగమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ముగింపు

విద్యార్థులారా! ఇంతవరకు చూసినదాన్ని ఒకసారి కూడగట్టుకుందాం. అనుభవాన్ని నమ్మిన కాలంలో కల్తీ క్వినైన్‌ని ఆపలేకపోయాం. రిజిస్టర్ పెట్టాం. దాని మాట అమలు కావడానికి 36 ఏళ్ళు పట్టింది. కాలేజీ సర్టిఫికెట్‌ని నమ్మాం. అది చాలదని తోచి ఎగ్జిట్ పరీక్ష పెట్టాం. ప్రతి అడుగూ ముందు అడుగులో మిగిలిపోయిన ఖాళీని పూడ్చడానికి వేసిందే.

ఒక్క ఖాళీ మాత్రం ఏ పరీక్షా పూడ్చలేదు. గోడమీద పేరుకీ కౌంటర్లో మనిషికీ మధ్య ఉన్న ఖాళీ అది. బహుళైచ్ఛిక ప్రశ్నలు మీకు తెలుసో లేదో చెబుతాయి. ప్యాసైన మర్నాడు మీరు కౌంటరు దగ్గర ఉంటారో లేదో చెప్పలేవు. దానికి జవాబు ఇవ్వవలసింది మీరే.

రేపు మీ సర్టిఫికెట్‌ని ఎవరైనా అద్దెకి అడిగితే, ఆ 3 మిల్లీలీటర్ల, 6 మిల్లీలీటర్ల లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆ తేడా తెలిసింది మీకు. మీరు అక్కడ లేకపోతే ఆ పాప తల్లికి అది చెప్పేవారు లేరు.